ముత్యాల దండ పుస్తకం

“థూ! వాని మొకం మండ!” అంది భూమవ్వ.

తిట్టింది మొగుణ్ణి కాదు, బీడీలు తీసుకునే కార్ఖానా మునీమును అంతకన్నా కాదు. నవల్లో హీరోని. అతగాడు అప్పుడే తెల్లకారు దిగి, వానలో తడుస్తూ నిలబడ్డ హీరోయిన్‌ చెంప ఛెళ్ళుమనిపించాడు. ఆ పిల్ల చెంప పట్టుకుని, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, ‘ఈయన నన్ను ఎంతగా ప్రేమిస్తున్నాడు!’ అనుకుంది. సుగుణ అక్కడిదాకా చదివి ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆగడమే పొరపాటైంది.

“చెంప మీద కొడితే ప్రేమ అయితదానే? గట్లయితే మా ఆయన నన్నెంత ప్రేమించిండో గీ చొప్పదండి అందరికి ఎర్కే,” అంది భూమవ్వ మళ్ళీ.

అరుగు మీద ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. ఒళ్ళో చాటలు ఊగి తంబాకు పైకి లేచింది. కమలవ్వకు తుమ్ములు అందుకున్నాయి.

“రాసినోడు మొగోడే అయ్యుంటడు,” భూమవ్వ తేల్చేసింది.

సుగుణ అట్ట తిప్పి చూసింది. “కాదు పెద్దమ్మా, ఆడామెనే రాసింది.”

“ఆడామెనా? అయ్యో, ఆమెకేం మాయరోగం పుట్టింది!”

“జర ఊకోరాదు పెద్దమ్మా,” అంది లస్మవ్వ. అందరిలోకీ చిన్నది, ప్రేమ పుస్తకాల పక్షం. “ఆయన దిల్ల ఏమున్నదో నీకేమెర్క? తర్వాత గులాబిపూలు వట్టుకొని వస్తడు సూడు.”

“పూలు తెచ్చేటోడు ముందుగాలనే తేవద్దా? కొట్టినంక తెచ్చుడేంది? గా పిల్లకు అవ్వగారిల్లు లేదా?”

“లేదు. చిన్నప్పుడే అవ్వ, బాపు సచ్చిపోయిండ్రని రాసిండ్రు.”

“అగో, గందుకే కొట్టిండు,” అంది భూమవ్వ.

కమలవ్వ ఇంటి అరుగు మీద మధ్యాహ్నాలు ఇట్లాగే గడుస్తాయి. అన్నాలు తిని, గిన్నెలు కడిగి, ఒక్కొక్కరే చాటలు చంకన పెట్టుకుని వచ్చి గోడకు ఆనుకుంటారు. నానబెట్టి తడి గోనెగుడ్డలో చుట్టిన తునికాకు మధ్యలో ఉంటుంది. ఆకు మీద రేకు అచ్చు పెట్టి కత్తిరించడం, చిటికెడు తంబాకు పరవడం, చుట్టడం, మూతి మడిచి గోటితో నొక్కడం, దారం కట్టడం... చేతుల పని చేతులు చేసుకుపోతాయి. చెవులకే ఏ పనీ లేదు. కమలవ్వ కొడుకు రాయమల్లు పెళ్ళి చేసుకుని, ఆరునెలలన్నా తిరక్కుండా దుబాయికి పోయాడు గానీ, పోతూ పోతూ పదో తరగతి చదివిన పెళ్ళాం సుగుణను ఈ చెవులకు అప్పగించిపోయాడు.

చదివే మనిషి బీడీలు చేయలేదు కదా. అందుకని అరుగు మీద ఒక పద్ధతి పడింది. సుగుణ చదువుతున్నంతసేపూ తలా గుప్పెడు బీడీలు ఆమె చాటలో వేస్తారు. వాటి పేరు చదువు బీడీలు. కథ ఉరుకుతుంటే గుప్పెడు పెద్దదవుతుంది. హీరోయిన్ కిటికీ దగ్గర నిలబడి వెన్నెలను చూస్తూ ఆలోచించడం మొదలుపెట్టిందా, వేళ్ళ సందున పట్టినన్నే పడతాయి.

పుస్తకాలు తెచ్చేది మామ హనుమండ్లు. మార్కెట్ పని మీద కరీంనగర్ పోయినప్పుడల్లా అద్దె పుస్తకాల దుకాణంలో రెండు పట్టుకొస్తాడు, ఒకటి ప్రేమది, ఒకటి ఖూనీది. ఆయనకు చదువు రాదు. అట్ట మీద ఆడపిల్ల ఒక్కతే ఉంటే ప్రేమ, పక్కన పిస్తోలుంటే ఖూనీ. ఈ లెక్క ఒక్కసారే దెబ్బతింది. అట్ట మీద నవ్వుతున్న పిల్లను చూసి తెచ్చిన పుస్తకం తీరా విప్పితే పత్తికి పట్టే పురుగుల గురించి. అద్దె దండగ కావద్దని కమలవ్వ అదీ చదివించింది. ప్రేమ పుస్తకాల కంటే అదే నయమని భూమవ్వ ఇప్పటికీ అంటుంది.

ఆ రోజు చెంపదెబ్బ పుస్తకం అయిపోయేసరికి లస్మవ్వ ఒక్కతే ముక్కు చీదింది. గులాబిపూలు వచ్చాయి, పెళ్ళయింది. “ఇగ రేపటిసంది ఖూనీది తియ్యి,” అంది కమలవ్వ. అందరూ లేచారు. అరుగు చివర, మెట్టు దగ్గర కూర్చున్న పోశవ్వ మాత్రం లేవలేదు. ఒళ్ళో ఉన్న బీడీ దారం ఊడిపోతే మళ్ళీ కడుతోంది.

పోశవ్వ ఈ పనికి కొత్త. తల నెరిశాక వేళ్ళకు కొత్త పని నేర్పడమంటే మాటలు కాదు. ఆమె చేసిన బీడీ ఒకటి లావు, ఒకటి సన్నం. మొన్న మొన్నటిదాకా లీలాబాయి దొరసాని ఇంట్లో అంట్లు తోమింది. దసరా ముందు ఆ ఇంట్లో వెండి గిలాస ఒకటి కనబడకుండా పోయింది. దొరసాని దొంగవు అనలేదు, పోలీసులను పిలవలేదు. “రేపటి నుంచి రాకు” అన్నది, అంతే. ఆ ఒక్క మాటతో ఊళ్ళో ఏ తలుపూ ఆమెకు తెరుచుకోలేదు. కార్ఖానా మునీము, పని నేర్చుకుని వస్తేనే ఆకు ఇస్తానన్నాడు. నేర్పేవాళ్ళెవరు? గేటు దగ్గర నిలబడ్డ ఆమెను చూడలేక సుగుణే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

కమలవ్వ కోడలిని ఏమీ అనలేదు గానీ, అందరికీ వినబడేటట్టే అంది: “నేర్చుకుంటె నేర్చుకోని. అరుగు మీదనే కూసోవాలె. గడప దాటి లోపలికి రావద్దు. ఒక్క మాటొచ్చిందంటె పంపిచ్చేస్త, తర్వాత నన్ననద్దు.”

పోశవ్వ తలూపింది. అప్పటి నుంచి దాహమైనా అడగదు. సుగుణే చూసుకుని చెంబుతో నీళ్ళు బయటికి తెచ్చిస్తుంది. అరుగు చివరి ఆ జానెడు జాగా కూడా పోతే పోశవ్వకు కూర్చోవడానికి ఊళ్ళో మరో చోటు లేదు. ఆ సంగతి కమలవ్వకు తెలుసు, సుగుణకు తెలుసు, అందరికంటే పోశవ్వకు బాగా తెలుసు.

*

మర్నాడు తీసింది ముత్యాల దండ పుస్తకం. అట్ట మీద పేరు ఇంకేదో ఉంది గానీ అరుగు మీద పుస్తకాలకు అచ్చులో పేర్లు చెల్లవు.

మొదలే భలే మొదలైంది. గోదావరి ఒడ్డున పాత బంగళా. హోరున వాన. జమీందారుగారి భార్య మంచం మీద గొంతు నులిమి చంపబడి ఉంది. మెడలో ముత్యాల దండ లేదు. మల్లెపువ్వులాంటి తెల్లచీర మీద చిన్న మరక కూడా లేదు. అనుమానం నలుగురి మీద: జూదం ఆడే మేనల్లుడు, బంగారు కళ్ళద్దాల డాక్టరు, మాట్లాడని డ్రైవరు, పనిమనిషి. పట్నం నుంచి డిటెక్టివ్ వచ్చి సిగరెట్టు ముట్టించి ఆలోచనలో పడ్డాడు.

“సిగరెట్లతోని ఏం దొర్కుతది? మన బీడీ తాగుమను, జల్ది దొరుకుతరు,” అంది లస్మవ్వ.

“డాక్టరే,” అంది భూమవ్వ. “బంగారు అద్దాలు వెట్టుకున్నోని నియ్యత్ మంచిగుండది. మా మర్దికి సూదులిచ్చినోడు గిట్లనే ఉండె.”

“మేనల్లుడు గాదా?” సుగుణ అడిగింది.

“వాడు రైల్ల ఉన్నడు గదనే. వానకు రైలాగిపాయె. నువ్వే సదివితివి.”

కథ ఉరికింది. గుప్పెళ్ళు పెద్దవైనాయి. రెండో రోజు డ్రైవరు మీద అనుమానం వచ్చింది, అతను ఏడుస్తూ తనకు పెళ్ళామూ పిల్లలూ ఉన్నారన్నాడు. కమలవ్వ అతన్ని వదిలేసింది. “ఏడ్సుడు సూస్తె తెలుస్తలేదా? వాడు గాదు.” ఇట్లా ఒక్కొక్కరినే పట్టుకుంటూ, వదిలేస్తూ వస్తుంటే, మూడో రోజు లస్మవ్వ ఆకు కత్తిరిస్తూ ఏ ఆలోచనా లేకుండా అనేసింది.

“పనామెనేమో?”

కత్తెరలు ఆగాయి. ఎవరూ తల తిప్పలేదు, కళ్ళు మాత్రం అరుగు చివరకు పోయి వచ్చాయి. లస్మవ్వ నాలుక కరుచుకుంది. పోశవ్వ తల వంచుకుని బీడీ చుడుతోంది. చుట్టిన ఆకు చేతిలోనే విచ్చుకుని తంబాకంతా చాటలో పడిపోయింది.

“అయితె అయితదేమో,” అంది కమలవ్వ మెల్లగా. “ఇంట్ల తిరిగేటోళ్ళకే అన్ని ఎర్కుంటయి.”

సుగుణ గబగబా తర్వాతి పేరా అందుకుంది. ఆ సాయంత్రం పోశవ్వ అందరికంటే ముందే లేచిపోయింది.

మరునాడు పొద్దున పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే సుగుణ వంటింట్లో కూర్చుని మిగిలిన పేజీలు గబగబా చదివేసింది. ముందు చదవడం ఆమె అలవాటు కాదు. అందరితో పాటు తనకూ అప్పుడే తెలియాలనేది ఆమె సరదా. కానీ ఇవాళ భయమేసింది. భయపడ్డట్టే అయింది. చంపింది పనిమనిషే. డిటెక్టివ్ అందరినీ హాల్లో కూర్చోబెట్టి, వేలు చూపించి, ‘అన్నం పెట్టిన చేతినే కాటువేసిన విషనాగు’ అని గట్టిగా అన్నాడు. ముత్యాల దండ ఆమె చింతపండు కుండలో దొరికింది.

సుగుణకు ఏడుపొచ్చినంత పనైంది. రాసినాయన మీద కోపమొచ్చింది. ఇంతమంది ఉంటే, బంగారు కళ్ళద్దాల డాక్టరు ఉంటే, నీకు ఈమే దొరికిందా? ఈ మాటలు అరుగు మీద చదివితే ఇంకేమన్నా మిగులుతుందా? కమలవ్వ నోరు విప్పనక్కర్లేదు. ఆ ‘విషనాగు’ అన్న మాట ఒక్కటి చాలు, పోశవ్వ రేపటి నుంచి తనంతట తనే రాదు. అన్నం అడుగంటింది. అత్త బయటి నుంచి “ఏందే గా వాసన?” అని కేకేసేదాకా ఆమెకు తెలియలేదు.

*

ఆ మధ్యాహ్నం అరుగు మీద ఒక్కరూ ఆలస్యంగా రాలేదు. ఆఖరు రోజంటే అంతే. సుగుణ పుస్తకం విప్పి, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. డిటెక్టివ్ అందరినీ హాల్లోకి పిలిచేదాకా ఉన్నదున్నట్టే చదివింది. అక్కడ పేజీ తిప్పింది. తిప్పి, అచ్చులో లేని మాటలు చదవడం మొదలుపెట్టింది.

మేనల్లుణ్ణి పట్టుకుంది. జూదంలో పోయిన డబ్బు, తీరని కోపం, వానలో గోడ దూకడం, అన్నీ అప్పటికప్పుడే నోటికొచ్చాయి. డిటెక్టివ్‌ చేత వేలు చూపించింది. మేనల్లుణ్ణి మోకాళ్ళ మీద కూలదోసి ఏడిపించింది. పోలీసులు బేడీలు వేశారు. తన గొంతు తనకే బాగుందనిపించింది. చాటలో బీడీలు పడుతూనే ఉన్నాయి. ‘సమాప్తం’ అని పుస్తకం మూసింది.

“రెండాకులు తిప్పినవ్,” అంది భూమవ్వ.

“ఏంది పెద్దమ్మా?”

“రెండాకులు ఒక్కసారే తిప్పినవ్. పుట్టినకాడికెల్లి ఆకుతోనే బతుకుతున్న. ఒక్క ఆకు చప్పుడేందో, రెండు జతవడ్డ చప్పుడేందో నాకు తెల్వదా?”

“అతుక్కున్నయి, సూడలే,” అంది సుగుణ. మొహం వేడెక్కింది.

లస్మవ్వ ఊరుకుంటే బాగుండేది. ఆమె ఊరుకునే మనిషి కాదు. “అవునే సుగుణా, మేనల్లుడు గా పొద్దు రైల్ల ఉండె గదా? వానకు రైలాగిపాయె గదా?”

“దిగి వచ్చిండు.”

“ఏడ దిగిండు? నడుమ అడివిల ఆగిందంటివి. వానల అడివి వడి నడిచొచ్చిండా బంగళాకు?”

కమలవ్వ చాట పక్కన పెట్టింది. “పుస్తకంల ఏమున్నదో గది సదువు.”

సుగుణ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద పెట్టింది. “సదవ.”

“ఎందుకు సదవవ్?”

“సదవ అత్తా. నన్నడగకు.”

“మరి గిన్ని దినాలు నువ్వు సదివినయన్ని పుస్తకంలయేనా? నీ నోట్లెకెల్లి వచ్చినయా?”

అది తగలరాని చోట తగిలింది. మొగుడు దుబాయిలో ఉన్నాడు. ఈ ఇంట్లో తనదంటూ సుగుణకున్నది ఈ మధ్యాహ్నం చదువు ఒక్కటే. ఒక్క అక్షరం కూడా మార్చలేదని చెప్పబోయింది. ఇప్పుడే మార్చి దొరికిపోయిన మనిషి మాట ఎవరు నమ్ముతారు?

“గా చెంపదెబ్బ గూడ నువ్వే కలిపినవా ఏంది?” అంది లస్మవ్వ అనుమానంగా.

ఆడవాళ్ళు లేచి చీరలు దులుపుకున్నారు. అందరికంటే చివర లేచిన పోశవ్వ, పోతూ పోతూ సుగుణ మొహం కేసి ఒకసారి చూసింది.

మర్నాడు అందరూ వచ్చారు గానీ పుస్తకం ఊసెత్తలేదు. కత్తెరల చప్పుడు, దారం తెంపే చప్పుడు తప్ప ఇంకోటి లేదు. లస్మవ్వ తన ఆడబిడ్డ సంగతేదో మొదలుపెట్టి సగంలో వదిలేసింది. భూమవ్వ ఆవలించింది. రోజూ ఇట్టే గడిచే పొద్దు ఇవాళ ఎద్దులు లేని బండిలా కదలనంది. సుగుణ కూడా చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేస్తోంది. చదివే అలవాటులో చేతులు మొద్దుబారాయి, పోశవ్వ బీడీల కంటే ఆమెవేం మెరుగ్గా రావడం లేదు.

“సుగుణా,” అంది పోశవ్వ.

అందరూ తలలెత్తారు. ఆమె అరుగు మీద నోరు విప్పడం అదే మొదలు.

“గా పుస్తకం తే, బిడ్డ. ఉన్నది ఉన్నట్టు సదువు.”

“వద్దు పోశవ్వత్తా.”

“పనామెనే గదా సంపింది?”

సుగుణ చాటలోకి తల వంచుకుంది. అదే జవాబైంది. కమలవ్వ చేతిలో దారం నిలిచిపోయింది.

“నువ్వు ఎందుకు మార్చినవో నాకు నిన్ననే సమజైంది,” అంది పోశవ్వ. “నాకోసమే మార్చినవ్. నీ మనసు మంచిది. కని దొరసాని గూడ గట్లనే చేసింది. దొంగవు అంటె నేను జవాబు చెప్పకపోదునా? ఒట్టు పెట్టకపోదునా, కొట్లాడకపోదునా? ఏమనలే. రాకు అన్నది, గంతే. అనని మాటకు ఏమని జవాబు చెప్పాలె? గిప్పుడు నువ్వు గూడ దాపెడితివి. అందరు నా దిక్కు సూడవట్టిరి. సదువు. ఏమన్నడో నేను గూడ ఇంట.”

సుగుణకు చెంప మీద కొట్టినట్టయింది. కాపాడాననుకుంది. తను చేసింది కూడా దొరసాని లాగా తలుపు మూయడమేనని ఆమెకు తట్టనే లేదు. సిగ్గుతో లేచి లోపలికి పోయి పుస్తకం తెచ్చింది.

*

చదివింది. డిటెక్టివ్ వేలు చూపించడం, విషనాగు మాట, చింతపండు కుండ, ఏదీ వదల్లేదు. పోశవ్వ వింటూ బీడీ చుట్టింది. ఆ పూట ఆమె చుట్టినవి ఊడలేదు.

పుస్తకం అయిపోయింది. కమలవ్వ ఏమంటుందోనని సుగుణ అటు చూసింది. కమలవ్వ మాత్రం గోడకు ఆనుకుని, కళ్ళు చికిలించి, ఎక్కడో తప్పిపోయిన దారపు కొస వెతుకుతున్నట్టుంది.

“ఆమె పేరేంది?” అంది చివరకు.

“ఎవలది అత్తా?”

“పనామెది.”

సుగుణ పేజీలు వెనక్కి తిప్పింది. డ్రైవరుకు పేరుంది. డాక్టరుకు పేరూ ఇంటిపేరూ ఉన్నాయి. డాక్టరు కుక్కకు కూడా ఉంది. “రాయలే. అంతట పనిమనిషి అనే ఉన్నది.”

“ఊఁ. సచ్చిపోయినామె చీర ఎట్లున్నదన్నడు?”

“మల్లెపువ్వు లెక్క తెల్లగున్నదని. చిన్న మరక గూడ లేదని.”

“మరి పనామె గా పొద్దు ఏం చేస్తుండె?”

సుగుణకు వెతకాల్సిన పని లేకపోయింది. భూమవ్వే అందుకుంది. “తెల్లారితె పూజ అని పగటాల్లసంది ఇత్తడి బిందెలు తోముతుండె. చింతపండు వెట్టి, బూడిద వెట్టి.”

కమలవ్వ ముందుకు వంగింది. “బూడిద, చింతపండు చేతులతోని వచ్చి గొంతు పిసికితె, తెల్లచీరకు మరక అంటకుంట ఉంటదానే?”

అరుగు మీద ఒక్కసారిగా కలకలం లేచింది. అవునంటే అవునన్నారు. ఇత్తడి తోమిన చేయి ఎట్లా ఉంటుందో వాళ్ళలో తెలియంది ఎవరికి? లస్మవ్వ అయితే డిటెక్టివ్‌ను కొలువులోంచి తీసేయాలంది.

“జర ఆగుండ్రి,” అంది కమలవ్వ. న్యాయం చెప్పే మనిషికి తొందర పనికిరాదన్నట్టు చెయ్యెత్తింది. “సుగుణా, చేతులు కడుక్కున్నదని ఏడనన్న రాసిండా? సరింగ సూడు.”

సుగుణ చూసింది. చివరి పేజీకి ముందు పేజీలో, డిటెక్టివ్ మాటల మధ్యన, ఒక చిన్న ముక్క ఉంది. ‘చేతులు శుభ్రంగా కడుక్కుని మెట్లెక్కింది.’ ఇందాక తనే గబగబా చదివింది, ఎవరి చెవినా పడలేదు.

లేదు అంటే చాలు. ఆకు తిప్పనక్కర్లేదు, చప్పుడు కాదు, భూమవ్వ కూడా పట్టుకోలేదు. అందరి మొహాలూ లేదనే మాట కోసమే ఎదురుచూస్తున్నాయి. తలెత్తితే పోశవ్వ కనబడింది. ఆమె మాత్రం దేనికోసమూ ఎదురుచూస్తున్నట్టు లేదు. ఉన్నది ఉన్నట్టు అన్నది ఆమే కదా.

“ఉన్నది అత్తా,” అంది సుగుణ. “చేతులు శుభ్రంగ కడుక్కొని మెట్లెక్కిందని రాసిండు.”

కలకలం చప్పున చల్లారింది. భూమవ్వ నిట్టూర్చింది. కమలవ్వ మొహం ముడుచుకుంది. అయిపోయింది, తనే చేజేతులా చెడగొట్టానని సుగుణ అనుకుంది.

కమలవ్వ తన రెండు చేతులూ ఒళ్ళోంచి తీసి, ఎండలోకి చాపింది. వేళ్ళ చివర్లు గోధుమరంగు. గోళ్ళ కింద నల్లగా తంబాకు. మడతల్లో ఆకు పసరు.

“కడుక్కున్నదట!” అంది. “నేను పొద్దున సబ్బువెట్టి కడుగుత, మాపటికి కడుగుత. పెండ్లికి వోయేటప్పుడు నిమ్మకాయతోని రుద్దుత. పోయిందా? నా బిడ్డ కొడుకు నా చేతితోని బుక్క తినడు, వాసనొస్తదని మొకం తిప్పుకుంటడు. ఏదీ, నీ చేతులు చూపియ్యి లస్మా. అక్కా, నీయి చూపియ్యి.”

ఒక్కొక్కరే చాపారు. భూమవ్వ వేళ్ళయితే ఏ రంగువో చెప్పడం కష్టం.

“పగటాల్లసంది తోమిన చేయి ఒక్కసారి కడుక్కుంటె తెల్లగయితదా? రాసినాయన ఎన్నడన్న ఒక్క బిందె తోమిండా? కడుక్కున్నదని రాసిండు, గంతే. రాస్తె పోతదా?” కమలవ్వ గొంతు పెరిగింది. “పనామె సంపలే. చింతపండు కుండల దండ ఎవడన్న పెట్టచ్చు. గీయనకు సంపినోడు ఎవ్వడో దొర్కలే. పుస్తకమేమొ అయిపోవట్టె. ఎవల మీద పెట్టాలె? డాక్టరు మీద పెడితె డాక్టరు ఊకోడు. పేరు లేనామె అయితె ఎవ్వలు అడుగరు. గందుకే పెట్టిండు. గదీ సంగతి.”

“గదే, గదే,” అన్నారంతా.

ఆ తెల్లచీర మీద మరక ఎందుకు లేదో రాసినాయన ఇంకేదో సమాధానం చెప్పగలడేమో. సుగుణకు ఆ సందేహం లోపల మెదిలింది. కానీ కమలవ్వ అరుగు మీద ఆయన తరఫున మాట్లాడేవాళ్ళెవరూ లేరు. సుగుణకూ మాట్లాడాలనిపించలేదు. అత్త కళ్ళు అప్పటికే పుస్తకం మీద లేవు, మెట్టు దగ్గర కూర్చున్న మనిషి మీద ఉన్నాయి.

పోశవ్వ కూడా చేతులు చాపింది. అందరికంటే ఆఖర్న, ఎవరూ అడక్కుండానే. ఏళ్ళ తరబడి తోమిన బూడిద గీతలు అరచేతుల్లో అట్లాగే ఉన్నాయి. వాటి మీద కొత్తగా తంబాకు రంగు ఎక్కుతోంది. ఆ చేతులను కమలవ్వ చాలాసేపు చూసింది.

“మొత్తుకొని మొత్తుకొని నోరెండిపాయె,” అంది తర్వాత, చాట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంటూ. “పోశవ్వా, లోపలికి వొయ్యి జర చాయ పెట్టు. అందరికి.”

సుగుణ లేవబోయింది. “నేను పెడత అత్తా.”

“నిన్ను లెవ్వమన్ననా? నువ్వు కూసో. మీ మామ మొన్న తెచ్చిన ప్రేమ పుస్తకం తియ్యి. కొట్టుడు గిట్ల ఉంటె ముందుగాలనే చెప్పు.”

పోశవ్వ తన పేరే పిలిచారా అన్నట్టు అటూ ఇటూ చూసింది. లస్మవ్వ కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చింది. పోశవ్వ లేచి, కొంగుతో చేతులు తుడుచుకుని, ఒకసారికి రెండుసార్లు తుడుచుకుని, గడప దాటింది.

లోపల గిన్నె చప్పుడైంది. పొయ్యి అంటుకున్న వాసన వచ్చింది. సుగుణ కొత్త పుస్తకం మొదటి పేజీ విప్పి చదవడానికి నోరు తెరిచేలోపు వంటింట్లోంచి పోశవ్వ గొంతు వినబడింది.

“కమల వదినే, చక్కెర డబ్బ ఏడున్నది?”

కమలవ్వ బీడీ మూతి మడిచి, గోటితో నొక్కి, తలెత్తకుండానే అంది.

“నాకేమెర్క? అన్ని అరలు తీసి దేవులాడు. దొర్కుతది.”